కార్చిచ్చు ఎటు పాకింది, ఎంత వేగంగా పాకింది: ఉపగ్రహ సమాచారంతో లెక్కగట్టే విధానం

పెద్ద కార్చిచ్చు రేగినప్పుడు వార్తల్లో వచ్చే పటాల మీద ఎర్రచుక్కలు గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి. చుక్క ఉన్నచోట మంట ఉందనుకోవడం సహజమే కానీ, ఆ చుక్క నిజంగా చెప్పే సంగతి అంతకన్నా చాలా తక్కువ. ఫలానా నిమిషంలో ఉపగ్రహం అటుగా వెళ్లినప్పుడు, ఆ బిందువు కేంద్రంగా ఉన్న ఒక గడిలో (పిక్సెల్‌లో) ఎక్కడో ఒకచోట, చుట్టుపక్కల నేల కంటే బాగా ఎక్కువ వేడి కనిపించింది. అంతే. గడిలో ఏ మూల కాలుతోందో ఆ చుక్క చెప్పదు, ఆ నిమిషానికి ఎంత ముందు అంటుకుందో కూడా చెప్పదు. మంట వ్యాప్తిని లెక్కగట్టడమంటే ఈ రెండు సందేహాలనూ వీలైనంత కుదించడం, కుదించలేని మేరకు వాటిని పటం మీద దాచకుండా చూపడం.

ఉదాహరణగా 2021లో ఉత్తర కాలిఫోర్నియాలో చెలరేగిన డిక్సీ ఫైర్‌ను తీసుకుందాం. జులై 13న ఫెదర్ నది లోయలో మొదలైన ఆ మంట అక్టోబర్ 25న పూర్తిగా అదుపులోకి వచ్చేసరికి 9,63,309 ఎకరాలు, అంటే సుమారు 3,900 చదరపు కిలోమీటర్లు దాని చుట్టుగీత లోపలికి వచ్చాయి. కొండలు, దట్టమైన పొగ, వేరే మంటతో కలిసిపోవడం, ఒక్క సాయంత్రంలో ఊరిని కబళించిన పరుగు, ఈ పనిలో ఎదురయ్యే చిక్కులన్నీ ఆ ఒక్క మంటలోనే ఉన్నాయి. విధానం మాత్రం ఎక్కడి మంటకైనా ఒకటే. పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌తో, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో కొద్దిపాటి పరిచయం ఉంటే చాలు. డేటా అంతా ఉచితంగానే దొరుకుతుంది.

ఉపగ్రహానికి మంట ఎలా తెలుస్తుంది

ఈ భౌతిక సూత్రం తెలియకుండా డేటాలోకి దిగితే తర్వాత ప్రతి మెట్టులోనూ తప్పు నిర్ణయాలే తీసుకుంటాం, కాబట్టి కాసేపు దీని మీద ఆగాలి. మామూలు నేల ఉష్ణోగ్రత సుమారు 300 కెల్విన్లు. ఆ వేడి వద్ద వెలువడే పరారుణ కాంతి 10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర గరిష్ఠంగా ఉంటుంది. 1,000 కెల్విన్ల వద్ద మండే జ్వాలకు ఆ గరిష్ఠం 3 మైక్రోమీటర్ల దగ్గరికి జరుగుతుంది. అందువల్ల 4 మైక్రోమీటర్ల దగ్గర చూస్తే జ్వాల అదే వైశాల్యమున్న నేల కన్నా సుమారు 4,500 రెట్లు ప్రకాశంగా కనిపిస్తుంది. 11 మైక్రోమీటర్ల దగ్గర ఆ తేడా 29 రెట్లకు మించదు.

దీని ఫలితం ఆశ్చర్యకరంగా ఉంటుంది. ఒక చదరపు కిలోమీటరు గడిలో వెయ్యో వంతు, అంటే 1,000 చదరపు మీటర్లు మాత్రమే మండుతున్నా, 4 మైక్రోమీటర్ల దగ్గర ఆ గడి మొత్తం ప్రకాశం ఐదు రెట్లు దాటిపోతుంది. 11 మైక్రోమీటర్ల దగ్గర మాత్రం పెరుగుదల మూడు శాతం కూడా ఉండదు. ఈ రెండు తరంగదైర్ఘ్య పట్టీల మధ్య వ్యత్యాసాన్నీ, పొరుగు గడులతో ఉన్న వ్యత్యాసాన్నీ కలిపి చూసి కంప్యూటర్ ప్రోగ్రామ్ "ఇది మంట" అని గుర్తిస్తుంది. గడి మొత్తం కాలుతుంటేనే చుక్క పడుతుందన్న అపోహ ఇక్కడితో పోవాలి. చుక్కల సంఖ్యను గడి వైశాల్యంతో గుణించి "ఇంత విస్తీర్ణం కాలుతోంది" అని ప్రకటించడం ఎందుకు తప్పో కూడా దీనితోనే అర్థమవుతుంది.

మొదటి మెట్టు: ప్రశ్నకు తగిన ఉపగ్రహాన్ని ఎంచుకోవడం

వివరంగా చూసే ఉపగ్రహం తరచుగా రాదు, తరచుగా చూసేది వివరంగా చూడదు. ఏ ఒక్క ఉపగ్రహమూ ఈ పనికి సరిపోదు కాబట్టి మూడు వర్గాలను కలిపి వాడాలి.

వెన్నెముకగా నిలిచేది వీఐఐఆర్ఎస్ అనే పరికరం. 2011లో ప్రయోగించిన సుయోమీ ఎన్‌పీపీ, 2017 నాటి నోవా-20, 2022 నాటి నోవా-21 ఉపగ్రహాల మీద ఇది ఉంది. ధ్రువాల మీదుగా తిరిగే ఈ ఉపగ్రహాలు ఏ ప్రాంతం మీదికైనా స్థానిక సూర్యకాలం ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలోనూ, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలోనూ వస్తాయి. సరిగ్గా నెత్తిన ఉన్నప్పుడు గడి పరిమాణం 375 మీటర్లు. దీనికన్నా పాతదైన మోడిస్ పరికరం టెర్రా, ఆక్వా ఉపగ్రహాల మీద ఉంది, దాని గడి 1 కిలోమీటరు. 2012కు ముందటి మంటలను పరిశీలించేవారికి అదే ఆధారం. తర్వాతి మంటలకు దాన్ని పక్క సాక్షిగా మాత్రమే వాడతాను.

రెండో వర్గం భూస్థిర ఉపగ్రహాలు. అమెరికా ఖండాల మీద గోస్, ఆసియా పసిఫిక్ మీద హిమవారి, ఆఫ్రికా ఐరోపాల మీద మెటియోశాట్ నిలిచి చూస్తుంటాయి. గోస్ ఉపగ్రహం తనకు కనిపించే భూగోళార్ధాన్నంతటినీ 10 నిమిషాలకొకసారి, అమెరికా ప్రధాన భూభాగాన్ని 5 నిమిషాలకొకసారి చిత్రిస్తుంది. గడి మాత్రం భూమధ్యరేఖ వద్ద సరిగ్గా కింద 2 కిలోమీటర్లు, ఉత్తరానికి జరిగేకొద్దీ ఇంకా పెద్దది. మూడో వర్గంలో 20 మీటర్ల గడితో పరారుణ పట్టీలను ఇచ్చే సెంటినెల్-2, 30 మీటర్ల గడితో చూసే లాండ్‌శాట్ ఉన్నాయి. సెంటినెల్ జంట ఒకేచోటికి 5 రోజులకొకసారి, ఒక్కో లాండ్‌శాట్ 16 రోజులకొకసారి వస్తాయి. మంట ఎప్పుడు కదిలిందో భూస్థిర ఉపగ్రహం చెబితే, ఎక్కడిదాకా వచ్చిందో వీఐఐఆర్ఎస్ చెబుతుంది, చివరికి సరిగ్గా ఏది కాలిందో సెంటినెల్ తేలుస్తుంది.

రెండో మెట్టు: డేటా తెచ్చుకోవడం

నాసా నడిపే ఫర్మ్స్ వేదికలో దేశం, తేదీలు, పరికరం ఎంచుకుంటే చుక్కల పట్టిక సీఎస్‌వీ ఫైలుగానో, షేప్‌ఫైలుగానో అందుతుంది. కోరినప్పుడు మంట మొదలైందని చెబుతున్న తేదీకి వారం ముందు నుంచీ, అదుపులోకి వచ్చిందన్న తేదీకి రెండు వారాల తర్వాతి దాకా అడగాలి. ముందు వారం డేటా ఉంటే అక్కడ ఎప్పుడూ వేడిగా ఉండే కర్మాగారమో, గ్యాస్ మంటో ఉన్న సంగతి తెలిసిపోతుంది. పాత మంట అయితే తాజా డేటా కాకుండా, నాణ్యత సరిచూసి తర్వాత విడుదల చేసే ప్రామాణిక డేటానే తీసుకోవాలి. అందులో ప్రతి చుక్కకూ అది వృక్షజాలపు మంటా, అగ్నిపర్వతమా, స్థిరమైన వేడి స్థానమా అని చెప్పే కాలమ్ అదనంగా ఉంటుంది.

గోస్ డేటాను అమెరికా వాతావరణ సంస్థ నోవా అమెజాన్ క్లౌడ్‌లో అందరికీ తెరిచి ఉంచింది. సెంటినెల్-2 చిత్రాలను కోపర్నికస్ వేదిక నుంచి తెచ్చుకోవచ్చు, లేదా గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో దించుకోకుండానే వాడుకోవచ్చు.

మూడో మెట్టు: శుభ్రపరచడం

విసుగు పుట్టించే మెట్టు ఇదే, ఫలితాలు పాడయ్యేదీ ఎక్కువగా ఇక్కడే.

ముందు సమయం. పట్టికలోని తేదీ, సమయం యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో ఉంటాయి. సీఎస్‌వీ తెరిచినప్పుడు ముందున్న సున్నాలు రాలిపోయి, ఉదయం 09:36 అన్నది 936గానూ, అర్ధరాత్రి దాటాక 00:36 అన్నది ఉత్త 36గానూ కనిపించవచ్చు. నాలుగు అంకెలుగా మార్చుకున్నాకే తేదీతో కలపాలి. వేసవిలో కాలిఫోర్నియా సమయం యూటీసీ కన్నా 7 గంటలు వెనుక ఉంటుంది, కాబట్టి అక్కడ సాయంత్రం 5 గంటలయ్యేసరికి పట్టికలో తేదీ మారిపోతుంది. డిక్సీ మంట గ్రీన్‌విల్ అనే ఊరిని కాల్చింది ఆగస్టు 4 సాయంత్రం. గోస్ డేటాను తేదీవారీగా విడగొట్టి చూసేవారికి ఆ ఘట్టంలో ముఖ్యభాగం ఆగస్టు 5 కింద కనిపిస్తుంది. నేను తొలినాళ్లలో ఇలాంటి పొరపాటుతోనే ఒక మంటను వాస్తవం కన్నా ఒక రోజు ఆలస్యంగా నడిపించి, ఆ రోజు గాలికీ మంట దిశకూ పొంతన కుదరడం లేదేమిటని రెండు రోజులు తల పట్టుకున్నాను. యూటీసీ కాలమ్‌ను అలాగే ఉంచి, పక్కన స్థానిక సమయానికి వేరే కాలమ్ చేర్చుకోవడం మంచిది.

తర్వాత విశ్వసనీయత. వీఐఐఆర్ఎస్ చుక్కలకు తక్కువ, సాధారణ, అధిక అనే మూడు ముద్రలుంటాయి. చాలామంది జాగ్రత్త పేరుతో "అధిక" ముద్ర ఉన్నవాటినే ఉంచుకుంటారు. ఇది పెద్ద తప్పు. 4 మైక్రోమీటర్ల పట్టీ తట్టుకోగల గరిష్ఠాన్ని, అంటే 367 కెల్విన్లను, దాటి సంతృప్తమైన గడులకే "అధిక" ముద్ర పడుతుంది. మిగిలిన నిజమైన మంటలన్నీ "సాధారణ" కిందికి వస్తాయి. వాటిని తీసేస్తే మంట అంచులో సగం మాయమవుతుంది. "తక్కువ" ముద్ర పడ్డవి ఎక్కువగా నీటి మీద ఎండ మెరుపు వల్లనో, వేడి తేడా స్వల్పంగా ఉండడం వల్లనో వచ్చినవి. వాటిని కూడా గుడ్డిగా తొలగించకుండా, సాధారణ చుక్కలను ఆనుకుని ఉంటే ఉంచి, ఒంటరిగా ఉంటే తీసేయాలి.

మూడోది గడి పరిమాణం. ఉపగ్రహం పక్కవాటుగా చూసేకొద్దీ గడి సాగిపోతుంది. వీఐఐఆర్ఎస్ గడి చూపు అంచున సుమారు 800 మీటర్లకు పెరిగితే, మోడిస్ గడి ఒక దిశలో 2 కిలోమీటర్లు, మరో దిశలో 5 కిలోమీటర్ల దాకా సాగుతుంది. పట్టికలో స్కాన్, ట్రాక్ అనే రెండు కాలమ్‌లలో ఆ కొలతలు ఉంటాయి. చుక్కను చుక్కగా కాక ఆ కొలతలున్న దీర్ఘచతురస్రంగా గీయడం అలవాటు చేసుకుంటే, తర్వాత వచ్చే చాలా సందేహాలు వాటంతటవే తీరతాయి.

చివరగా పొగ. తేలికపాటి పొగ 4 మైక్రోమీటర్ల కాంతిని పెద్దగా అడ్డుకోదు, నీటి మబ్బు మాత్రం పూర్తిగా మూసేస్తుంది. మహోగ్రంగా మండే మంట తన మీద తానే ఉరుము మబ్బును పుట్టించుకున్నప్పుడు, అత్యంత తీవ్రమైన గంటల్లోనే చుక్కలు కరువవుతాయి. దానికి తోడు పగటిపూట బాగా వేడెక్కిన పొగస్తంభం తానే మంటగా గుర్తింపు పొంది, అసలు అంచుకు దూరంగా కొన్ని చుక్కలు పడేలా చేయవచ్చు. అంచు నుంచి గాలి వీచే దిశలో పడి, తర్వాతి రాత్రి పరిశీలనలో ఆనవాలు లేకుండా పోయిన చుక్కలను అనుమానించాలి.

నాలుగో మెట్టు: చుక్కలను ఒక్కో మంటగా కూర్చడం

ఇక్కడి నుంచి అక్షాంశ రేఖాంశాలను వదిలి మీటర్లలో కొలిచే ప్రక్షేపణలోకి, అంటే గుండ్రని భూమిని చదునైన పటంగా మార్చే పద్ధతిలోకి, మారాలి. ఉత్తర కాలిఫోర్నియాకు యూటీఎం 10వ మండలం సరిపోతుంది. తర్వాత రెండు హద్దులు పెట్టుకోవాలి: కొత్త చుక్క పాత మంటకు ఎంత దగ్గరలో ఉంటే దానిలో భాగమవుతుంది, ఎన్ని రోజులు చుక్క పడకపోతే మంట ఆగినట్టు లెక్క. నేను 1 కిలోమీటరు, 5 రోజులతో మొదలుపెట్టి పటం చూసి సవరించుకుంటాను. గడ్డిమైదానంలో దూరం పెంచాలి, ఎందుకంటే రెండు పరిశీలనల మధ్యనే గడ్డిమంట కిలోమీటర్లు పరుగెత్తి, వెనక భాగం చల్లారిపోతుంది. దట్టమైన అడవిలో రోజుల హద్దు పెంచాలి, ఎందుకంటే దుంగల్లో రాజుకున్న నిప్పు వారం తర్వాత కూడా లేస్తుంది.

ప్రధాన మంటకు దూరంగా కొత్త గుత్తి కనిపిస్తే అది ఎగిరిన నిప్పురవ్వల వల్ల పుట్టిందా, విడిగా పుట్టిన వేరే మంటా అన్నది ఉపగ్రహం తేల్చలేదు. 2021 జులైలోనే పుట్టిన ఫ్లై ఫైర్ కొద్ది రోజుల్లోనే డిక్సీలో కలిసిపోయింది. కలిసే క్షణం దాకా రెండింటికీ వేర్వేరు గుర్తింపు సంఖ్యలు ఉంచి, కలిసిన అడుగు నుంచి ఒకటిగా చూపాలి. మొదటి నుంచే కలిపేస్తే, కలిసిన రోజున ప్రధాన మంట ఒక్కసారిగా కిలోమీటర్లు దూకినట్టు లెక్క వస్తుంది.

ఐదో మెట్టు: చుట్టుగీత గీయడం

కాలాన్ని 12 గంటల అడుగులుగా, రాత్రి పరిశీలనలు ఒక అడుగు, మధ్యాహ్నపువి ఒక అడుగుగా విడగొట్టాలి. కాలిఫోర్నియా మంటల కోసం పరిశోధకులు రూపొందించిన ఫెడ్స్ విధానం కూడా ఈ లయనే అనుసరిస్తుంది. ఒక్కో అడుగులోనూ అప్పటిదాకా పడిన చుక్కలన్నిటినీ చుట్టి గీత గీయాలి. అన్నిటికన్నా బయటి చుక్కలను తాడుతో బిగించినట్టు గీస్తే లోపలికి వంగిన లోయలూ కాలని కొండపక్కలూ కూడా కలిసిపోయి విస్తీర్ణం ఉబ్బుతుంది. అందుకే లోతైన వంపుల్లోకి దిగగలిగే ఆల్ఫా ఆకృతిని వాడాలి. దాని కొలతను 1 కిలోమీటరు దగ్గర మొదలుపెట్టవచ్చు. మరీ చిన్నది పెడితే చుట్టుగీత ముక్కలవుతుంది, మరీ పెద్దది పెడితే మళ్లీ తాడు బిగించినట్టే అవుతుంది. గీసిన ఆకృతిని సగం గడి మేర, అంటే సుమారు 190 మీటర్లు, బయటికి పెంచాలి.

చుట్టుగీత ఎప్పుడూ పెరగాలే కానీ తగ్గకూడదు. ఒకసారి కాలిన నేల కాలనిదైపోదు కాబట్టి ప్రతి అడుగునూ ముందరి ఆకృతితో కలిపేయాలి. ఆ అడుగులో కొత్తగా చుక్కలు పడిన అంచును మాత్రం విడిగా వేరే రంగులో దాచుకోవాలి. మంట సజీవంగా ఉన్నది ఆ భాగంలోనే, వేగం కొలవవలసింది కూడా అక్కడే.

ఆరో మెట్టు: వేగాన్ని లెక్కగట్టడం

ఉదాహరణకు, రాత్రి 2:30 నాటి గీతకూ మధ్యాహ్నం 2:30 నాటి గీతకూ మధ్య ఒక దిశలో దూరం 9 కిలోమీటర్లు వచ్చిందనుకుందాం. భాగహారం చేస్తే గంటకు 0.75 కిలోమీటరు. అంకె సరైనదే, అది చెప్పే కథ మాత్రం దాదాపు ఖాయంగా తప్పు. రాత్రి చల్లదనంలో, తేమలో మంట సాధారణంగా నక్కి ఉంటుంది, ఎండెక్కి గాలి లేచాక పరుగెత్తుతుంది. ఇప్పుడు గోస్ డేటాలో అదే ప్రాంతపు ఎఫ్ఆర్‌పీని, అంటే మంట వెలువరించే వికిరణ శక్తిని మెగావాట్లలో, 5 నిమిషాల వారీగా గీసి చూడాలి. ఉదయం 11 దాకా అది అడుగున ఉండి అక్కడి నుంచి నిటారుగా పెరిగితే, ఆ 9 కిలోమీటర్లూ మూడున్నర గంటల్లో నడిచినవే అనుకోవడానికి గట్టి ఆధారం ఉన్నట్టు. అప్పుడు వేగం గంటకు 2.6 కిలోమీటర్లు. ఒకే డేటా, మూడు రెట్లకు పైగా తేడా. అగ్నిమాపక దళానికి ఈ రెండో అంకె కావాలి, నెలవారీ నివేదికకు మొదటిది చాలు. ఏది ఇస్తున్నామో చెప్పకుండా అంకెను మాత్రమే ఇవ్వడం వల్లనే ఈ రంగంలో సగం వాదోపవాదాలు వస్తుంటాయి.

చిన్న కదలికల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. రెండు గీతల్లో ఒక్కొక్కదానికీ సగం గడి సందేహం ఉంటుంది కాబట్టి, 600 మీటర్ల కదలికలో 375 మీటర్ల దాకా గడి పరిమాణమే కావచ్చు. అలాంటి అడుగులను విడిగా ప్రకటించకుండా రెండు మూడింటిని కలిపి సగటు చెప్పాలి.

గాలితో సరిపోల్చడానికి గంటవారీగా దొరికే ఈఆర్‌ఏ5 వాతావరణ డేటా పనికొస్తుంది. అయితే సుమారు 30 కిలోమీటర్ల గడిలో ఇరుకు లోయల గాలి పట్టదు. నేల వాలును కూడా చూడాలి. పైకి వాలు ప్రతి 10 డిగ్రీలకూ మంట వేగం సుమారు రెట్టింపవుతుందని అగ్నిశాస్త్రంలో పాత లెక్క ఒకటి ఉంది. గాలికీ వాలుకూ ఎదురుగా, తిన్నగా ఒక రహదారి వెంబడి చుట్టుగీత పెరిగితే అది మంట సొంత నడక కాకపోవచ్చు. అడ్డుకోవడానికి అగ్నిమాపక సిబ్బంది తామే పెట్టిన ఎదురుమంట కూడా ఉపగ్రహానికి మామూలు మంటలాగే కనిపిస్తుంది.

ఏడో మెట్టు: ఖాళీలను కాలిన మచ్చతో పూడ్చడం

మబ్బు కిందా, రెండు పరిశీలనల మధ్యా జరిగినది చుక్కల్లో ఉండదు. అయితే కాలిన నేల మచ్చ వారాల తరబడి నిలుస్తుంది. మంటకు ముందటి, తర్వాతి నిర్మలమైన సెంటినెల్-2 చిత్రాలను తీసుకుని, 8ఏ పట్టీలోంచి 12వ పట్టీని తీసివేసి, వచ్చినదాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే ఎన్‌బీఆర్ అనే సూచిక వస్తుంది. పచ్చని ఆకు మొదటి పట్టీలో మెరుస్తుంది, మాడిన నేల రెండోదానిలో. ముందటి విలువలోంచి తర్వాతి విలువను తీసివేస్తే వచ్చే వ్యత్యాసం 0.1 దాటితే కాలి ఉండవచ్చు, 0.27 దాటితే మధ్యస్థ తీవ్రత మొదలవుతుంది, 0.66 పైన అధిక తీవ్రత. ఈ హద్దులు సాధారణంగా వాడుకలో ఉన్నవే అయినా, ఆకురాలే కాలంలోనూ, కోతలైన పొలాల్లోనూ మంట లేకుండానే 0.1 దాటుతుంది, కాబట్టి రెండు చిత్రాలూ ఒకే రుతువుకు చెందినవిగా చూసుకోవాలి.

ఈ మచ్చను చుక్కల చుట్టుగీత మీద పరిచినప్పుడు రెండు రకాల తేడాలు బయటపడతాయి. మచ్చ ఉండి చుక్క లేనిచోట మంట వేగంగా వెళ్లి చల్లారింది, లేదా మబ్బు కింద కాలింది. అలాంటిచోట కాలిన సమయాన్ని చుట్టుపక్కల చుక్కల సమయాల నుంచి అంచనా వేసి, ఆ భాగాన్ని గీతలు కొట్టి వేరుగా చూపాలి. చుట్టుగీత లోపల మచ్చ లేనిచోట్లు కాలకుండా మిగిలిన ద్వీపాలు. ప్రభుత్వ లెక్కల్లోని విస్తీర్ణం సాధారణంగా ఈ ద్వీపాలను కూడా కలుపుకునే ఉంటుంది, కాబట్టి మీ అంకె దానికన్నా తక్కువ వచ్చినంత మాత్రాన తప్పు చేశామనుకోనక్కరలేదు.

ఎనిమిదో మెట్టు: సరిచూసుకుని పటం వేయడం

అమెరికాలో పెద్ద మంటల మీద రాత్రివేళ విమానాలు పరారుణ కెమెరాలతో తిరిగి చుట్టుగీతలు సిద్ధం చేస్తాయి. ఆ గీతలు బహిరంగంగానే దొరుకుతాయి. వాటి సమయానికి అతి దగ్గరగా ఉన్న మీ గీతను తీసుకుని రెండింటికీ ఉమ్మడిగా ఉన్న విస్తీర్ణాన్ని, రెండూ కలిసి ఆక్రమించిన మొత్తంతో భాగించి చూడాలి. ఆ నిష్పత్తి ఏ రోజున పడిపోయిందో వెతికితే, ఆ రోజున మబ్బో, తప్పిన పరిశీలనో, శుభ్రపరచడంలో జరిగిన పొరపాటో దొరుకుతుంది. విమానాలు తిరగనిచోట సెంటినెల్ మచ్చతోనే ఈ పరీక్ష చేసుకోవాలి. ఈ పద్ధతిలో వేసిన పటాన్ని మాత్రం ఎవరూ ఇల్లు వదలాలా వద్దా అని నిర్ణయించుకోవడానికి వాడకూడదు. ఫర్మ్స్ డేటా చేతికి అందేసరికే మూడు గంటలు గడిచి ఉండవచ్చు, గంటకు రెండున్నర కిలోమీటర్లు నడిచే మంట ఆలోగా ఏడెనిమిది కిలోమీటర్లు ముందుకు వెళ్లి ఉంటుంది.

పటం వేసేటప్పుడు ప్రతి గీతకూ ఒక్క తేదీ కాకుండా రెండు సమయాలు రాయాలి: ఈ అంచు ఇక్కడ లేదని చివరిసారి చూసినదెప్పుడు, ఉందని మొదటిసారి చూసినదెప్పుడు. క్యూజీఐఎస్‌లోని టెంపోరల్ కంట్రోలర్‌కు ఈ రెండు సమయాల కాలమ్‌లనూ ఆరంభం, ముగింపులుగా ఇస్తే, కదిలే పటంలో ఆ రెండు సమయాల మధ్య ఆ పట్టీని లేత రంగులోనూ, రెండో సమయం దాటాక ముదురు రంగులోనూ చూపించవచ్చు.